వెచ్చగా ఉంటే

ద్వారబంధం మీద పిల్ల ఎత్తు కొలిచి గీసిన పెన్సిలు గీతలను మా అత్తయ్య తడిగుడ్డతో తుడిచేశారు.

"మసి అనుకున్నానమ్మా."

"పక్కన తేదీలు రాసున్న మసా, అత్తయ్యా?"

"నేను గుడ్డ పట్టుకుంటే చాలు, ఈ ఇంట్లో తగువే!"

మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అత్తాకోడళ్ల తగువులో ఆయన ఎప్పుడూ పేపరు పక్షమే.

తీరా చూస్తే అన్నీ తుడవలేదు, పై రెండే. ఆరునెలల తేడాతో గీసినా ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు. మా ఎనిమిదేళ్ల పిల్ల ఎదగడం లేదని చెప్పే గీతలు.

దానికి పుట్టుకతోనే అడ్రినల్ గ్రంథులు సరిగా పనిచేయవు. ఆ లోటును మూడు పూటలా హైడ్రోకార్టిసోన్ మాత్రతో పూడుస్తాం. తక్కువైతే ప్రాణం మీదికొస్తుంది, ఎక్కువైతే ఎదుగుదల కుంటుపడుతుంది. అనుమానమొచ్చి మందుల డబ్బా తెరిచాను. పదిరోజులకు రావాల్సిన మాత్రలు నాలుగు రోజులకే ఉన్నాయి.

"మాత్రలు ఎక్కువ వేస్తున్నారా అత్తయ్యా?"

"ఒళ్లు వెచ్చబడితే రెట్టింపు వేయమని డాక్టరమ్మే కదా చెప్పింది!"

"ఎప్పుడు వెచ్చబడింది?"

"ఆడుకుని వచ్చినప్పుడల్లా. నిద్ర లేచినప్పుడు. నుదురు పట్టుకుంటే తెలియదూ?" గొంతు తగ్గింది. "మూడేళ్లప్పుడు వాంతులై నా ఒళ్లోనే వేలాడిపోయింది. ఆ భయం నాకింకా పోలేదే. ఇప్పుడేమో ఆ రెండు గీతలు చూడలేకపోయాను."

డాక్టరమ్మకు ఫోను చేశాను. "జ్వరం అనాల్సింది, వెచ్చగా అన్నాను. తప్పు నాదే," అని, థర్మామీటరులో ఏ అంకె దాటితే రెట్టింపు వేయాలో చెప్పారావిడ. "రేపే తీసుకురండి, చూసి సరిచేద్దాం. రోజూ వేసేది మాత్రం ఒక్క పూట కూడా మానకండి."

భోజనాల దగ్గర థర్మామీటరు తెచ్చి నీళ్లచెంబు పక్కన పెట్టాను.

"ఈ ఇంట్లో ఇకమీదట 'వెచ్చగా' అన్న మాట అన్నానికే. పిల్లకు అంకె. డాక్టరమ్మ చెప్పిన అంకె దాటితే నన్ను అడగక్కర్లేదు అత్తయ్యా, మీరే రెట్టింపు వేసేయండి. దాటకపోతే నేను అడిగినా వేయొద్దు."

"మరి నా పని?" అన్నారు మావారు.

"పేపరు దించి, ఆ అంకె పెద్దగా రాసి గోడకు అంటించడం."

"థర్మామీటరులోని ఆ బుల్లి అంకెలు నా కళ్లకు ఆనుతాయా?" అన్నారు అత్తయ్య.

"నేను చదువుతాలే నానమ్మా," అంది పక్కనే తింటున్న పిల్ల. "నువ్వు నా గీతలు తుడవకు."

అత్తయ్య కలుపుతున్న ముద్ద ఆపారు.

"తుడవను. రేపు ఆస్పత్రికి నేనూ వస్తా. వచ్చాక గుమ్మానికి ఆనుకుని నిలబడు బుడ్డీ, గీత నేనే గీస్తాను."