తాతబాబు పెట్టిన కాపడం

ఆటల కోటా కింద పోర్టులో కబడ్డీ ఆడేవాళ్లకు రెండు ఉద్యోగాలు పడ్డాయి. ఎంపికకు మూడు రోజులుందనగా, ఆ తొంభై నాలుగు వేసవిలో, జాలరిపేట ఇసకలో కూతకెళ్లిన వరహాలుకు చీలమండ బెణికింది. వచ్చే ఏటికి వాడికి వయసు దాటిపోతుంది. ఉంటే ఈ ఉద్యోగం, లేదంటే లేదు.

భుజాన వేసుకుని ఇంటికి తెచ్చింది బావ తాతబాబే. హార్బరులో పడవలకు ఐసు దిమ్మలు మోసే మనిషి. అమ్మా అయ్యా పోయిన బావమరిదిని చిన్నప్పటినుంచి సాకినవాడు.

"డ్రిల్లు మేస్టారు ఐసు ఎట్టమనీవోరు బావా" అన్నాడు వరహాలు.

"మీ మేస్టారెప్పుడైనా ఐసు మోసాడేటిరా? నాను రోజూ మోత్తన్నాను. సలికి నరం బిగిసిపోద్ది. ఐసు సేపలకిరా, మనుసులకి కాదు."

తాతబాబు పెళ్లాం, వరహాలు అక్క కనకరత్నం పెనం మీద ఉప్పు వేయించి మూటగట్టింది. తాతబాబు ఆముదం పోసి, మోకాలి నుంచి కిందికి బలమంతా పెట్టి తోమాడు. వరహాలు తువ్వాలు కరిచిపట్టాడు.

"మీ అప్ప పురుటికి కూడా ఇంత మూలగలేదురా" అన్నాడు తాతబాబు.

తెల్లారేసరికి కాలు కుండలా ఉబ్బి నల్లబడింది. చెడ్డ నెత్తురు పైకొస్తోందని తాతబాబు మళ్లీ తోమాడు, మళ్లీ కాపడం పెట్టాడు, నడిస్తే సర్దుకుంటుందని ఒడ్డు పొడుగునా నడిపించాడు.

ఎంపిక నాడు బూటు ఎక్కలేదు. మైదానంలో డాక్టరు కాలు చూసి తల పైకెత్తాడు. "ఎవరు తోమారిది? మొదటి రెండు మూడు రోజులు వేడీ, మర్దనా పనికిరావు. గుడ్డలో చుట్టి ఐసు పెట్టాలి, పావుగంట పెట్టి తీసెయ్యాలి. పట్టీ కట్టి, కాలు ఎత్తున పెట్టి పడుకోబెట్టాలి. ఆడేవాడో లేదో గానీ, ఇంతకు వచ్చేది కాదు."

వరహాలు బావ వైపు చూడలేదు. ఆడకుండానే ఇద్దరూ బస్సెక్కారు.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ కనకరత్నం అడిగింది. "ఏటైందిరా?"

తాతబాబు నోరు తెరిచాడు. వరహాలే ముందు అందుకున్నాడు.

"ఆడానప్పా. నాకంటే బాగా ఆడినోళ్లు ఒచ్చారు."

"ఆ కాలితోనేటి?"

"బావ కాపడానికి నొప్పి నెమ్మదించిందిలే. కూసింత పులుసెయ్యి."

తాతబాబు కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.