ఫీడర్ బాబాయి పెట్టిన మాట

పొద్దున తొమ్మిదింటికి ప్రెస్సులో మిషను కదిలేది. కుడిచేత్తో తెల్లకాగితం పెట్టి, అచ్చుపడ్డదాన్ని ఎడమచేత్తో లాగేస్తూ, సాయంత్రం దాకా అలా నిలబడే ఉండేవాడు ఫీడర్ బాబాయి. ఆయన పెట్టిన కాగితం చదివితే కడుపు నిండేది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే అది. ఎదురింటి హోటలాయన మాత్రం తన రేట్ల కార్డులు వేరేచోట వేయించుకునేవాడు. ఒకసారి ఇక్కడ వేయిస్తే, వచ్చినవాళ్ళు కార్డు చదివి, హాయిగా త్రేన్చి, మంచినీళ్ళు తాగి లేచిపోయారట.

ప్రూఫులు దిద్దే ప్రూఫులమ్మ కూడా అచ్చయిన మొదటి కాగితం సరిచూశాక మధ్యాహ్నం అన్నం డబ్బా సగం మిగిల్చేసేది. ఆ నెల మాత్రం ఆమెకు కాగితం మీద చూపు నిలవలేదు. అక్క ఆసుపత్రిలో ఉంది. కడుపుకి ఆపరేషనయి పన్నెండు రోజులైంది. ముక్కులోంచి వేసిన గొట్టంలో గంజి పోసినా పాలు పోసినా వెనక్కి వచ్చేస్తున్నాయి.

అమ్మ పోయినప్పుడు ప్రూఫులమ్మకు ఆరేళ్ళు, అక్కకు పదహారు. నాలుగిళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి అక్క చెల్లెల్ని చదివించింది. తను బడి మొహం చూడలేదు.

"ఫీడ్ నిలవట్లేదమ్మా," అంది నర్సు ఆ పొద్దున. "ఇలాగే ఉంటే వారం గడవడం కష్టం."

ఆ మాట చెవిలో పెట్టుకునే ఆమె ప్రెస్సుకొచ్చింది. బల్లమీద పిల్లల ఇంగ్లీషు మాటల పుస్తకం ప్రూఫు ఉంది. తిప్పిన పేజీలో మళ్ళీ అదే మాట. ఫీడ్: బిడ్డకు పెట్టు, పశువుకు మేత వెయ్యి, యంత్రానికి కాగితం అందించు. కింద చిన్న వాక్యం: తల్లి పాపకు పెడుతోంది. అక్షరాలు అలికినట్టయి, కళ్ళు తుడుచుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఫీడర్ బాబాయి మిషను ఆపి.

"నీ పేరు ఈ పుస్తకంలో పడింది బాబాయ్."

"నా పేరేంటి?"

"ఫీడర్ అంటే పెట్టేవాడు."

ఆయన కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "ముప్పై ఏళ్ళ బట్టి పిలుస్తున్నారు. మిషను తోలేవాడనుకున్నాను," అన్నాడు. తర్వాత అక్క సంగతి అడిగి తెలుసుకున్నాడు. "మరి నా కాగితం ఒకటి చదివించకపోయావా?"

"అక్కకు చదువు రాదు. నేను చదివి వినిపించాను, లాభం లేకపోయింది. చదివినవాళ్ళకే నిండుతుంది కదా."

"అయితే నేర్పు."

"ఇప్పుడా? చెయ్యి ఎత్తలేకపోతోంది బాబాయ్."

"పుస్తకమంతా ఎందుకు? ఒక్క మాట చాలు. నా పేరుకి తెలుగేమన్నావు, పెట్టేవాడనే కదా? పెట్టు అని పెద్దక్షరాల్లో కూర్చు. నేను పెడతాను."

గోడ పోస్టర్లకు వాడే కొయ్య అక్షరాలు తీసి ప్రూఫులమ్మ ఆ ఒక్క మాట కూర్చింది. ఫీడర్ బాబాయి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, ఒకే ఒక్క కాగితం పెట్టి తీశాడు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో అక్క ఆ కాగితం చూసి నీరసంగా నవ్వింది. "చావబోయే ముందు నాకు చదువేంటే?"

"చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నా చేత ఎన్ని దిద్దించావు? ఒక్కటి నువ్వు దిద్దు," అని చెల్లెలు ఆమె వేలు పట్టుకుని అక్షరం మీద నడిపించింది. 'ప' వచ్చేసరికి గంట పట్టింది. ఆ అక్షరం సొంతంగా పలికినప్పుడు అక్క గుటక వేసి, "గోరువెచ్చగా ఏదో దిగిందే," అంది. తలకట్టు బదులు ఎత్వం పెడితే 'పె' అవుతుందని, ట కింద ఇంకో ట వత్తు అని, కొమ్ము పెడితే 'ట్టు' అని, విసుక్కుంటూ, మధ్యమధ్య కునుకు తీస్తూ, మర్నాడు మధ్యాహ్నానికి రెండూ కలిపి చదివింది. "పె...ట్టు. పెట్టు."

చదివి, కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకుంది. నర్సు వచ్చి చూసి, "వాంతి లేదు. ఫీడ్ నిలిచింది," అని చీటీలో రాసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఫీడర్ బాబాయి రోజుకో కాగితం పంపాడు. ముద్ద, పాలు, నీళ్ళు, చెల్లి. పదో రోజుకు అక్క వాక్యాలు చదువుతోంది. పదిహేనో రోజున గొట్టం తీసేశారు. డాక్టరు పత్తెం చెప్పి ఇంటికి పంపించాడు.

బాగా నడవగలిగాక ఒకరోజు అక్క ప్రెస్సుకొచ్చింది. ఇంట్లో తను వండిన అన్నం, పప్పు గిన్నెలో తెచ్చింది. మిషను పక్కనున్న ముక్కాలిపీట తుడిచి, కంచం పెట్టి, వడ్డించి, "కూర్చో అన్నయ్యా," అంది.

ఆయన మొహమాటపడ్డాడు. "నేను చేసిందేముందమ్మా, కాగితం పెట్టాను."

"పెట్టావు కదా. మా అమ్మ పోయాక నాకు ఎవరూ పెట్టలేదు. నేనే అందరికీ పెట్టుకుంటూ వచ్చాను," అంది అక్క, పప్పు ఇంకో గరిటె వేస్తూ.

ప్రూఫులమ్మ దిద్దుతున్న కాగితం పక్కన పెట్టేసింది. ఫీడర్ బాబాయి చేతులు కడుక్కొచ్చి, కూర్చుని కలుపుకున్నాడు.