కుళాయిలు కట్టెయ్యండి

సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి, మూడు కొండలు ఎక్కించి ఊరిదాకా తెచ్చారు. ఇంతా చేస్తే కొండమీది ట్యాంకులో చుక్క పడడం లేదు! పంపు ఆపరేటరమ్మకు ఒళ్లు మండిపోతోంది. సాయంత్రంలోగా ట్యాంకు నిండకపోతే లైను పక్క ఊరికి మళ్లించేస్తారు. కొండమీది వీధిలోనే ఆమె అక్క కాపురం. బిందెలు మోసీ మోసీ నడుము పోగొట్టుకున్న మనిషి.

"పైపు ఎక్కడైనా పగిలిందేమో చూశావా అమ్మా?" ఫోనులో ఇంజనీరు కంగారు.

"మొత్తం చూసొచ్చాను సార్. ఎక్కడా తడి కూడా లేదు."

అంటూనే చెవి రిక్కించింది. పక్కింట్లో నీళ్ల గలగల. ఆ పక్కింట్లోనూ గలగలే! నెత్తి కొట్టుకుంది. ఈ ఊళ్లో కుళాయి కట్టే అలవాటు ఎవరికుంది గనక? ఎప్పుడైనా నీళ్లొస్తే చప్పుడుకు తెలుస్తుందని, ఏళ్ల తరబడి తిప్పి వదిలేసి, కింద బిందె పెట్టుకోవడమే ఇక్కడి పద్ధతి. కింద ఇన్ని కుళాయిలు పారుతుంటే పైకి ఏం ఎక్కుతాయి, మట్టి!

మైకు పట్టుకుని వీధిన పడింది. "కుళాయిలు కట్టెయ్యండి! బిందె నిండినవాళ్లు కట్టెయ్యండి!"

"నీకేమన్నా పిచ్చా?" టైలరు మామ గుమ్మంలోంచి కేకేశాడు. "ఇన్నాళ్లకు వచ్చిన నీళ్లు. కట్టేస్తే మళ్లీ రాకపోతే?"

"రాకపోతే నన్ను చెప్పుచ్చుకు కొట్టు మామా! పైనున్నవాళ్లు మనుషులు కారా?"

ఇంతలో ఆమె అత్తగారు వీధిలోకొచ్చింది. "ఊరికి చెప్పొచ్చావుగానీ, మన పెరట్లో కుళాయి పారుతూనే ఉందే తల్లీ!"

"కట్టెయ్యకపోయారా అత్తయ్యా?"

"తుప్పు పట్టి తిరిగి చస్తేగా!"

వీధి వీధంతా పకపకా నవ్వింది. టైలరు మామకూ నవ్వాగలేదు. రెంచి తెచ్చి, ఆమెతో కలిసి బలమంతా పెట్టి ఆ కుళాయి బిగించాడు. తర్వాత గొణుక్కుంటూ వెళ్లి తనదీ కట్టేశాడు. ఆయన కట్టాక ఇంకెవరాగుతారు? ఇల్లిల్లూ చప్పుడు ఆగిపోయింది. ఆమె పంపుహౌసుకు పరుగెత్తింది.

పంపుహౌసులో మీటరు ముల్లు వణికి, లేచింది. ఇంకా లేచింది!

"పడుతున్నాయమ్మా! ట్యాంకులో పడుతున్నాయి!" ఇంజనీరు చిన్నపిల్లాడిలా అరిచాడు. పొద్దు వాలకముందే ట్యాంకు నిండింది, పై వీధికి వదిలారు. బయట టైలరు మామ కుళాయి తిప్పడం, కట్టడం, మళ్లీ తిప్పడం. "వస్తున్నాయర్రా! ఎన్నిసార్లు తిప్పినా వస్తున్నాయి!"

అక్క ఫోను చేసింది.

"ఒక్క బిందే పట్టుకున్నానే. కట్టేశాను."

"అయ్యో, అదేంటక్కా? అన్నీ నింపుకోకపోయావా?"

"ఎందుకే? రేపు వస్తాయిగా."

ఆపరేటరమ్మ పంపుహౌసు మెట్లమీద కూలబడి, నవ్వుతూ భోరుమంది.