కట్టుకునేది కాదు, లాగేది

నేను ఒక సైకిలు ట్యూబు ముక్కను. బారెడు పొడవు, మూడు అతుకులు. నా వయసంతా ఒక పాల సైకిలు చక్రంలోనే గడిచింది. పైన రెండు క్యాన్లు, ఒక లావుపాటి మనిషి, కింద నేను. నాలుగోసారి ముల్లు దిగాక నన్ను తీసి సైకిలు కొట్టు గోడకు తగిలించారు. ఇక విశ్రాంతే అనుకున్నాను.

విశ్రాంతా! ఆరోగ్యకేంద్రం నర్సు సువార్త వచ్చి, అక్కడున్న పాత ట్యూబులన్నీ కోయించి పట్టుకుపోయింది. గురువారం నాడు అరవై దాటినవాళ్లను కూర్చోబెట్టి తలా ఒక ముక్క ఇచ్చింది. "కుర్చీలో కూర్చోండి. ట్యూబు పాదానికి తగిలించి, రెండు చివరలూ గట్టిగా పట్టుకుని, కాలు ముందుకు తన్నండి. రోజు విడిచి రోజు. కాళ్లకు బలం వస్తుంది" అని చేసి మరీ చూపించింది. అందరూ తల ఊపారు. ఆ ఊపుడు నమ్మి నేను సంతోషించాను.

నేను నూకరత్నం వంతుకు వచ్చాను. రోజూ కరివేపాకు మోపు పట్నం తీసుకెళ్లి అమ్ముకునే మనిషి. బస్సు మెట్టు ఎత్తు. కండక్టరు రెక్క పట్టి లాగితేనే ఎక్కేది. ఆ వారమే అతను తేల్చి చెప్పేశాడు. "మామ్మా, నిన్ను లాగి లాగి నా భుజం పోయింది. ఈ నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత నీ అంతట నువ్వు ఎక్కితేనే బస్సు."

మరి ఈవిడ ఏం చేసింది? నన్ను మోకాలికి నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. స్నానానికి కూడా విప్పలేదు. మందు ఒంటిమీద ఉంటే చాలనుకుంది కాబోలు. వారం రోజులు ఆ మోకాలి మీద ఊపిరాడక చచ్చాను.

మళ్లీ గురువారం వచ్చింది. "అదేంటమ్మా, కాలు అలా వాచింది?" అంది సువార్త.

"నువ్వే కదమ్మా బలం వస్తుందన్నావు. పొద్దస్తమానూ కట్టుకునే ఉన్నాను."

పక్కనున్న ధర్మారావు నవ్వాడు. "నీ కరివేపాకు మోపుకి కూడా ఒకటి కట్టు నూకరత్నం. అదే బస్సెక్కుద్ది."

"మీరు మంచంకోడుకి కట్టారుగా అన్నయ్యగారూ. అదేమన్నా లేచి నడుస్తోందా?"

సువార్త నెత్తి కొట్టుకుంది. నాకు చేతులుంటే నేనూ కొట్టుకునేదాన్ని. "ఇది కట్టుకునేది కాదమ్మా, లాగేది" అని ముడి విప్పింది.

వాపు తగ్గాక అసలు పని మొదలైంది. మొదట్లో అయిదు తన్నులకే ఆయాసం. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. నన్ను తిట్టేది, కండక్టర్ని తిట్టేది, మళ్లీ తన్నేది. పది అయింది, ఇరవై అయింది. నెలాఖరు ముందురోజు ముప్పయ్యో తన్నుకి మూడో అతుకు దగ్గర నేనే తెగిపోయాను.

ఇంతచేస్తే ఒక మంచిమాటైనా ఉంటుందనుకున్నాను. తెగిన నాలో పెద్ద ముక్కతో కరివేపాకు మోపు బిగించి కట్టింది. మళ్లీ కట్టడమే!

మర్నాడు బస్సు ఆగింది. కండక్టరు అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు.

"నన్ను కాదు బాబూ, ఇది పట్టు" అని మోపు అందించింది. కమ్మీ పట్టుకుని కుడికాలు పైన వేసింది. ఎడమకాలు దాని వెనకే వచ్చింది.

ఆ పొద్దున అతను లాగింది నన్ను.