సోతే

సినిమా వీరుడు వీడియో గేములోకి వస్తే ఇంత మొండిఘటమవుతాడని నాకు తెలియదు.

1988 క్రిస్మసుకి నా భార్య తెరేసా తమ్ముడు ఇన్నయ్య పారిస్ నుంచి యానాం వస్తూ ఆ ఆట తెచ్చి మా టీవీకి తగిలించాడు. అక్కడ మూడు భాగాలు ఆడిన ఫైటింగు సినిమాలోంచి తీసిందట. మెచ్చుకోవలసినవి లేకపోలేదు. వీరుడు కత్తి తిప్పితే అచ్చం సినిమాలాగే ఉంటుంది. సంగీతం వింటే నాలాంటి ముసలాడికి కూడా హుషారొస్తుంది. కానీ నాలుగో ఘట్టంలో ఒక లోయ ఉంది. సరిగ్గా అంచు మీదే దూకాలి. తొందరపడినా పడతాడు, ఆలస్యమైనా పడతాడు. పడ్డాడా, వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టే, మళ్ళీ మొదటికి.

నేను సరదాకి ఆడలేదు. అంతకుముందు వేసవిలో పక్షవాతం వచ్చి తెరేసా కుడిచెయ్యి పడిపోయింది. వేళ్ళకి పని చెప్పమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే మంచం కిందికి దొర్లించేసింది. ఎడమచేత్తో సిలువ గుర్తు వేసుకోవడం నామోషీ అని గుడికి రావడమే మానేసింది. ఆమె లేకుండా ఒక్కణ్ణీ బెంచీ మీద కూర్చోవడం నాకు ప్రాణసంకటంగా ఉండేది.

"బంతి పిసకడం నా వల్ల కాదండి. ఆ బొమ్మోణ్ణి దూకించమంటే దూకిస్తాను," అంది ఒక సాయంత్రం.

మీటలున్న పెట్టె ఒక్కటే. ఎడమవైపు మీటతో నేను వీరుణ్ణి పరిగెత్తించాలి, కుడివైపు బొత్తం కుడిచేతి వేలితోనే నొక్కి ఆమె దూకించాలి. ఫ్రెంచి పటాలంలో పదిహేనేళ్ళు చేసినవాణ్ణి, దూకమనడానికి నా నోటికి 'సోతే' అనే వస్తుంది. నేనన్నాక ఆమె వేలు కదిలేసరికి వీరుడు తిన్నగా లోయలోకి నడిచేవాడు. అందుకని ఆమెకి చెప్పకుండా రెండడుగుల ముందే అనడం మొదలుపెట్టాను. లోయ దాటేవాళ్ళం, అవతల గబ్బిలాలు చంపేవి. రోజూ అదే వరస.

ఈస్టరుకి వారం ఉందనగా వచ్చే మట్టల ఆదివారం ముందు రోజు, అలవాటుగా ముందే "సోతే" అన్నాను. వీరుడు అక్కడికక్కడే ఎగిరి, అవతలి గట్టు అందక లోయలో పడ్డాడు.

తెరేసా నా మీద విరుచుకుపడింది. "అంచు రాకుండానే సోతే అంటారేంటండీ? మీరన్నాక వెంటనే నొక్కేను కదా."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆటలో పడితే ఏడుస్తారేంటి, చోద్యం కాకపోతే."

"వెంటనే నొక్కావు తెరేసా," అన్నాను. ఇన్నాళ్ళూ ముందే అంటున్న సంగతి అప్పుడు చెప్పాను.

ఆమె తన వేలికేసి చూసుకుంది. తరవాత కుడిచెయ్యి మెల్లగా నుదుటికి ఎత్తింది. గుండెల మీదికి తెచ్చింది. ఎడమ భుజం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కిందికి జారబోయింది. పట్టుకోబోయాను.

"ఉండండి," అంది. "దీనికి మీరు సోతే అనక్కర్లేదు."