కత్తి వాటా

విదోసవ మరోసారి కాగులో వేలు ముంచి చూసింది. రెండు ముంపులు ఓర్చుకుని మూడోదానికి వేలు చురుక్కుమంటే నీళ్లు అదనుకొచ్చినట్టు. ఇంకా మరిగితే కోడి తోలు ఊడివస్తుంది, చల్లారితే ఈక కదలదు. పొద్దుటినుంచి ఆ నీళ్లు రెండుసార్లు అదనుకొచ్చి, రెండుసార్లూ చల్లారాయి. ఈకలు పీకే బల్ల ఉంది, పేగులకు తొట్టి ఉంది, కోడిని తలకిందులుగా దించే రేకు గరాటు కంచె గుంజకు కొట్టి ఉంది. రాత్రినుంచి మేత పెట్టని పది కోళ్లు గంపలో ఉన్నాయి. లేనిది కత్తి ఒక్కటే.

కత్తి బావగారింట్లో ఉంది. రెండేళ్ల కిందట ఆమె మొగుడు పోయిన పదో రోజున అతని అన్న రాదోయె వచ్చి, మగాడు లేని కొంపలో కోతకత్తి ఉండకూడదని పట్టుకుపోయాడు. ఆ కొండపల్లెలో ఆడది కోడిని కోయదు. కోస్తే ఆ మాంసం ఎవరూ ముట్టరు. గడ్డి కోసి, కట్టెలు కొట్టి, చచ్చిన మొగుడికి స్నానం చేయించిన చేయి కోడి మెడ దగ్గరికొచ్చేసరికి పనికిరాకుండా పోతుంది! ఆడవాళ్లు కోడిని చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడి, దారినపోయే మగాణ్ణి బతిమాలుకోవాలి. వాడు తూలుతూ వచ్చినా ఫరవాలేదు, మగాడైతే చాలు.

రాదోయె ఊరికే కోయడు. అయిదు కోళ్లకు ఒకటి అతని వాటా. మెడమీద ఒక్కో గీత గీసి, పొయ్యి పక్కన కూర్చుని రేగుసారా తాగుతూ ఆమె వేళ్లు కాలడం చూస్తుంటాడు.

ఆ రోజు తొమ్మిదిన్నరకు తీరిగ్గా వచ్చాడు.

"కాస్త త్వరగా కానివ్వండి బావగారూ. మధ్యాహ్నానికి హోటలుకు కోళ్లు కొనే బోష్కో వ్యానేసుకుని వచ్చేస్తాడు. ఈసారి ఆలస్యమైతే ఫారం కోళ్లే తెప్పించుకుంటారంట హోటలోళ్లు."

"ఆ సంగతే చెబ్దామనొచ్చా. ఇకనించీ బోష్కోతో బేరం నేను చూసుకుంటాలే. కోడికి పది యూరోలూ నా చేతికిస్తాడు. నీకు కావాల్సిన పిండీ నూనే నేను తెచ్చి పడేస్తా."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏముంది, ఎప్పుడూ చేసేదేగా. పెంచు, పీకు, కడుగు."

విదోసవకు ఒళ్లు మండిపోయింది.

"బేరం ఇవ్వను. ఇవాళ్టినించి వాటా కూడా ఇవ్వను. మా ఆయన కత్తి అక్కడ పెట్టి వెళ్లండి."

రాదోయె పకపకా నవ్వాడు. "అయితే నువ్వే కోసుకో తల్లీ! ఆడది కోసిన కోడిని బోష్కో వ్యానెక్కిస్తాడేమో నేనూ చూస్తా." గేటు బయట రాతిమీద కూర్చుని కత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆమె లోపలికెళ్లి రొట్టె కోసే కత్తి తెచ్చింది. గడ్డికొడవలికి వాడే సానరాయిమీద బరబరా నూరసాగింది. గుమ్మంలోంచి అత్త యోకా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై నాలుగేళ్ల మనిషి. చేతిలో ఒక పాత మగటోపీ ఉంది.

"మీ మామది. పెట్టుకో," అంది గుసగుసగా. "యుద్ధంలో జర్మన్లొచ్చిన ఏడు మగాళ్లంతా అడవిలోకి పోతే కోళ్లెవరు కోశారనుకున్నావే? ఇది నెత్తిన పెట్టుకుని నేనే కోశా. ఆ గేటు దగ్గర కూర్చున్నాడే నా కొడుకు, అప్పుడు వాడికి రెండేళ్లు. జ్వరంతో పోయేవాడు. ఆ పులుసుతోనే బతికాడు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం అత్తా?"

"చెబితే వాడి చేత కక్కించేవాళ్లు."

విదోసవ టోపీ తీసుకుని, దుమ్ము దులిపి, మళ్లీ అత్త చేతిలోనే పెట్టింది.

"వద్దత్తా. ఇది పెట్టుకుంటే కోసింది టోపీయే అంటారు."

మొదటి కోడిని గరాటులోకి దించి, తల కిందికి లాగిపట్టి, దవడ కిందుగా ఒక్క గీత గీసింది. నెత్తురు సన్నగా బకెట్లోకి దిగింది. ఈసారి నీళ్లు చల్లారలేదు.

బోష్కో వచ్చేసరికి ఎనిమిది కోళ్లూ బల్లమీద తెల్లగా, ఎక్కడా తోలు చిరగకుండా ఉన్నాయి. వాటా కింద పోవాల్సిన రెండూ పెరట్లో గింజలేరుకుంటున్నాయి. బోష్కో ఒకదాన్ని ఎత్తి, తిప్పి చూసి, గేటు దగ్గర కత్తితో నిలబడ్డ మనిషివైపు తిరిగాడు.

"శభాష్ రాదోయె! ఇంత శుభ్రమైన కోత ఈ చుట్టుపక్కల చూళ్లేదు."

రెండు గంటలుగా ఫిర్యాదు చేయడానికే కాచుక్కూర్చున్న రాదోయె నోరు తెరిచాడు. కోళ్లను చూశాడు, బోష్కో జేబులోంచి తీస్తున్న నోట్లను చూశాడు.

"మరేమనుకున్నావ్, నా చెయ్యంటే!" అని అరచెయ్యి చాచాడు.

సిగ్గులేని మనిషి! విదోసవ నోరు మూసుకుంటే కోళ్లు నిక్షేపంగా వ్యానెక్కుతాయి. హోటలు బేరం నిలుస్తుంది. గుమ్మంలో అత్త టోపీని గుండెకు అదుముకుని వద్దన్నట్టు తల ఊపుతోంది.

"కోసింది నేను," అంది విదోసవ. "ఈ కత్తితో. ఆ డబ్బులు నాకివ్వు బోష్కో."

నోట్లు పట్టుకున్న బోష్కో చేయి గాలిలో ఆగిపోయింది. అతను కోళ్లవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. విదోసవ నెత్తురు ఆరని చేతిని చాచి, అలాగే నిలబడింది.