ఫ్రిజ్‌లో కొండపిట్టలు

"పిట్టల నెత్తురుకి జాగా ఉండాది గానీ పొట్టేలు మాంసానికి లేదా ఈ ఇంట్లో? ఆ గొట్టాలు తీసి పారెయ్ మే." ఫ్రిజ్ తలుపు పట్టుకొని అరిచింది పద్మావతమ్మ.

పద్మావతమ్మ నందినికి అత్త. అంతకుముందే అవ్వ, తల్లిని కన్న తల్లి. భూమి గడప దాటకూడదని మేనమామ నారాయణకే నందినిని కట్టబెట్టారు. ఇప్పుడు నందిని కూతురు శ్రుతిని నందిని తమ్ముడు హర్షకే ఇస్తారట. మాట ఖాయం చేసుకోవడానికి మధ్యాహ్నం హర్ష వాళ్ళు పులివెందుల నుంచి వస్తున్నారు. శ్రుతికి పూణేలో ఎమ్మెస్సీ సీటు వచ్చిన సంగతి ఎవరూ ఎత్తరు.

పదిహేను మందికి వెల్లుల్లి వలుస్తోంది నందిని. జమ్మలమడుగు కాలేజీలో జువాలజీ చెప్పి, ప్రొద్దుటూరులో బస్సు దిగి, వండి, తోమి, మిగిలిన కాస్త పొద్దులో పీహెచ్‌డీ కోసం ఏడేళ్ళుగా ఆమె చదివింది ఆ గొట్టాల్లోని నెత్తురునే. పడమటి కనుమల కొండపిట్టలది. వేల ఏళ్ళ కిందట లోకం చల్లబడినప్పుడు కొండ అడవి కిందికి పాకింది. ఈ కొండ పిట్ట ఆ కొండ పిట్టతో జతకట్టింది. మళ్ళీ ఎండలు ముదిరాక అడవి శిఖరాలకెక్కింది, పిట్టలూ దాని వెంటే. లోయల వేడికి జడిసి మళ్ళీ దిగలేదు. పెద్ద కొండల మీది పిట్టల నెత్తురులో ఇంకా నూరు రకాలున్నాయి. చిన్న శిఖరం మీద మిగిలినవి తమలో తామే జతకట్టీ కట్టీ అన్నీ ఒకే అచ్చు. ఒక్క తెగులు తగిలితే చాలు, కొండ ఖాళీ. ఆ ఫలితం చూసిన రోజు నందిని ఏడ్చింది. మూడేళ్ళకే పోయిన మొదటి బిడ్డ గుర్తొచ్చాడు. "నీ కడుపే మంచిది కాదు" అన్నారందరూ. ఆ కడుపులోకి రెండు వైపుల నుంచీ చేరింది ఒకే ఇంటి నెత్తురని ఎవడన్నాడు?

"నన్ను సంకనేసుకోని తిరిగినోడు హర్షమామ," అంది పక్కనే కూర్చున్న శ్రుతి. "ఆయప్పని ఎట్ల చేసుకునేది మా?"

నందిని లేచింది. మాంసం గిన్నె తెచ్చి పద్మావతమ్మ చేతుల్లో పెట్టి, ఫ్రిజ్ తలుపు మూసింది.

"వండేది లేదవ్వా. రావద్దని తమ్మునికి ఫోన్ చేస్తాండా."

వరండాలోంచి నారాయణ లోపలికొచ్చాడు. "మళ్ళీ ఆ నెత్తురు మాటేనా? పిట్టల్ని చూసి పెండ్లి ఆపుతావా? వాటికీ మనకీ ఏంది సంబంధం?"

"వాటికి కొండ దిగే దావ లేదు మామా," అంది నందిని, ఫోన్ చెవికి పెట్టుకుంటూ. "నా బిడ్డకు ఎర్రగుంట్లలో పూణే రైలుండాది."